కీబోర్డు ఖామోషీ వెనక తారీఖ్

నా లాప్‌టాప్‌లో రెండు సల్తనత్‌లున్నాయి. ఒక హిస్సాలో విండోస్, ఇంకో హిస్సాలో లినక్స్. షౌక్ కొద్దీ పెట్టుకున్నవి కావు, మజ్బూరీ. దోస్తుల ఉర్దూ కితాబులు, ముషాయిరా కరపత్రాలు అన్నీ ఇన్‌పేజ్‌లో చేయాలి, దానికి విండోస్ కావాలి. పాత తెలుగు ఫాంట్లలో దాచుకున్న పదిహేనేళ్ల ఫైళ్లు తెరవాలన్నా అదే దిక్కు. నా సొంత రాతలు, యూనికోడ్ తెలుగు మాత్రం లినక్స్‌లో. అది తేలిక, నా ముసలి యంత్రం దాని కింద ఆయాసపడకుండా నడుస్తుంది. రోజుకు రెండు మూడుసార్లు ఈ సరహద్ దాటుతుంటాను.

పోయిన చలికాలంలో ఓ రాత్రి, ఆదివారం సంచికకు వ్యాసం పంపడానికి ఇంకో మూడు గంటల టైముంది. విండోస్‌లో ఉర్దూ పని ముగించి షట్‌డౌన్ చేశాను. చాయ్ తాగొచ్చి, ఆన్ చేసి, లినక్స్‌లోకి వెళ్లాను. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. ఒక్క చుక్క పడలేదు. టచ్‌ప్యాడ్ మీద వేలు రాశాను. బాణం కదల్లేదు. తెర వెలుగుతోంది, గడియారం నడుస్తోంది. యంత్రం బతికే ఉంది, కానీ నా మాట వినడం లేదు.

గుండె గుభేల్మన్న మాట నిజం. ఎందుకంటే ఈ మర్జ్ నాకు కొత్త కాదు, మా ఇంట్లోనే ఒకసారి చూశాను. మా చెల్లెలి కూతురు డిగ్రీలో చేరినప్పుడు సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనిచ్చాం. కాలేజీలో సీనియర్ ఎవరో దాంట్లో లినక్స్ కూడా వేసిచ్చాడు. కొన్నాళ్లకు ఇదే తక్లీఫ్. కీబోర్డు ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు. రిపేరు దుకాణంలో చూపిస్తే ‘కీబోర్డు పోయింది’ అని 2,500 రూపాయలు తీసుకుని కొత్తది వేశారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. ఈసారి ‘మదర్‌బోర్డు’ అన్నారు. ఆ లెక్క విని మా చెల్లెలు లాప్‌టాప్‌ను చున్నీలో చుట్టి అల్మారాలో పెట్టేసింది. అమ్మాయి అసైన్‌మెంట్లన్నీ ఫోన్లో బొటనవేళ్లతో కొట్టుకుంటూ మూడేళ్లు లాగించింది.

ఆ రాత్రి నాకు ఆలస్యంగా ఒక సంగతి తట్టింది. యంత్రం ఆన్ కాగానే ‘విండోసా, లినక్సా’ అని అడిగే ఒక నల్లటి పట్టిక వస్తుంది కదా. అందులో కింది బాణం మీట నొక్కే కదా నేను లినక్స్‌ను ఎంచుకుంది? అంటే రెండు నిమిషాల కింద ఈ కీబోర్డు బాగానే ఉంది. చెడిపోయిన కీబోర్డు ఒక దర్వాజా దగ్గర పలికి, రెండో దర్వాజా దగ్గర నోరు మూసుకోదు. మరి మధ్యలో ఏమైంది?

పత్రికాఫీసు నుంచి తెచ్చుకున్న పాత యూఎస్‌బీ కీబోర్డు తగిలించి, వ్యాసం ఎలాగో పంపేశాను. ఆ సవాలు మాత్రం వదల్లేదు. జవాబు కోసం వెతుకుతూ పోతే అది నన్ను 1981 దాకా తీసుకెళ్లింది.

ముందు ఒక గలత్‌ఫహ్మీ తీసేయాలి. కీబోర్డుకు అక్షరాలు తెలియవు. మీట మీద ‘ఏ’ అని అచ్చేసి ఉన్నా, అది పంపేది ఒక నెంబరు మాత్రమే. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ తెచ్చింది. దాని కీబోర్డులో 83 మీటలు, లోపల ఇంటెల్ 8048 అనే చిన్న చిప్పు. ‘ఏ’ మీట నొక్కితే ఆ చిప్పు 30 అనే నెంబరు పంపేది. వేలు తీయగానే దానికి 128 కలిపి 158 పంపేది. అంతే దాని మాట. ఆ 30ని ఇంగ్లిష్ ‘ఏ’ అనుకోవాలా, ఉర్దూ ఫొనెటిక్‌లో అలిఫ్ అనుకోవాలా, తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఓత్వం అనుకోవాలా అనేది పైనున్న సాఫ్ట్‌వేర్ ఫైసలా. నాలాంటి వాడు ఒకే మీటల మీద మూడు జుబాన్లు రాయగలుగుతున్నాడంటే ఈ పద్ధతి వల్లే. ఆ కీబోర్డు చెప్పేదే తప్ప వినేది కాదు. ఏకపక్షం. కాబట్టి దాన్ని తికమకపెట్టే అవకాశమూ తక్కువే.

1984 ఆగస్టులో ఐబీఎం ఏటీ వచ్చింది. కీబోర్డుకు ఇప్పుడు వినడం కూడా నేర్పారు. క్యాప్స్‌లాక్ దీపం వెలిగించమనొచ్చు, నిన్ను నువ్వు పరీక్షించుకో అనొచ్చు. దాంతోపాటు మీటల నెంబర్లు కూడా మార్చేశారు. ‘ఏ’ ఇప్పుడు 30 కాదు, 28. అయితే అప్పటికే మూడేళ్లుగా జనం రాసుకున్న ప్రోగ్రాములన్నీ 30 కోసం ఎదురుచూస్తాయి. వాటినేం చేయాలి? మదర్‌బోర్డు మీద ఒక తర్జుమాన్‌ను కూచోబెట్టారు. దాని పేరు ఇంటెల్ 8042. కీబోర్డు 28 అంటే అది లోపలికి 30 అని తర్జుమా చేసి చెబుతుంది. ఐబీఎం వాళ్లు ఈ తర్జుమాన్ దగ్గర మిగిలిపోయిన పిన్నులు చూసి, ప్రాసెసర్‌ను రీసెట్ చేసే పనీ, పెద్ద మెమరీకి తలుపు తీసే పనీ దానికే అప్పజెప్పారు. కీబోర్డు మున్షీకి కిలా తాళాలు ఇచ్చినట్టు. ఆ రోజుల్లో 286 ప్రాసెసర్ ఒక విధానంలోకి వెళ్తే రీసెట్ చేస్తే తప్ప వెనక్కి వచ్చేది కాదు, ఆ రీసెట్ కీబోర్డు చిప్పు చేతుల మీదుగా జరిగేది. వింటే నవ్వొస్తుంది, కానీ ఇదే రివాజ్‌గా స్థిరపడింది.

మన దగ్గర ఇలాంటివి కొత్తా? నిజాం హుకూమత్‌లో దఫ్తర్ల జుబాన్ 1884లో ఫార్సీ నుంచి ఉర్దూకు మారింది. తర్వాత ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. పహాణీ, జమాబందీ, తహసీల్దార్ మాత్రం కదల్లేదు. సర్కార్లు మారినా కాయితంలో మాట మారదు. ఆ 30 కూడా అంతే. ఇవాళ నా లినక్స్‌లో ‘ఏ’ మీటకు లోపల రాసుకున్న నెంబరు ఎంతో తెలుసా? 30. 1981 నాటి నెంబరే.

1987లో ఐబీఎం పీఎస్/2 యంత్రాలు వచ్చాయి. మౌసును కూడా అదే 8042 కిందికి తెచ్చారు. కీబోర్డుకు ఒక దారి, మౌసుకు ఒక దారి, మధ్యలో కూచున్నది ఒకే తర్జుమాన్. నా యంత్రంలో కీబోర్డూ టచ్‌ప్యాడూ ఒకేసారి మూగబోయాయంటే మొదటి షక్ ఎవరి మీదికి పోవాలో ఇక్కడే తెలుస్తోంది. రెండూ ఒకే రాత్రి, ఒకే క్షణాన చెడిపోవడం ఎక్కడైనా జరుగుతుందా?

టచ్‌ప్యాడ్ కిస్సా ఇంకా మజాగా ఉంటుంది. వేలు రాసే పలక 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500తో జనంలోకి వచ్చింది. తర్వాత ఆ రంగంలో పెద్ద పేరు సినాప్టిక్స్ది. 1986లో దాన్ని పెట్టినవారు ఫెడెరికో ఫాజిన్, కార్వర్ మీడ్. ఫాజిన్ అంటే ఇంటెల్ మొదటి మైక్రోప్రాసెసర్ 4004 తయారీని నడిపిన మనిషి. ఈ కొత్త పలకలను ఏ సిస్టమూ ఎరగదు. అందుకని అవి వేషం వేశాయి. ఆన్ కాగానే ‘నేను మామూలు పీఎస్/2 మౌసును’ అని చెప్పుకుంటాయి. మూడు బైట్ల చొప్పున మౌసు భాషలో మాట్లాడతాయి. తమ డ్రైవర్ వచ్చి, మౌసుకు ఇచ్చే మామూలు హుకుంలనే ఒక ప్రత్యేక వరసలో, తలుపు తట్టినట్టు, పంపితేనే అసలీ రూపం బయటపెడతాయి. అప్పుడు వేలు ఎక్కడుంది, ఎంత గట్టిగా నొక్కుతోంది అన్నీ ఆరు బైట్లలో చెబుతాయి.

ఇప్పుడు అనుకోండి. విండోస్ డ్రైవర్ తలుపు తట్టి పలకను ఆరు బైట్ల భాషలోకి తెచ్చింది. దాన్ని మళ్లీ మూడు బైట్లకు దించకుండానే సర్కార్ మారింది. కొత్త సర్కార్ మూడేసి బైట్లు లెక్కపెట్టుకుంటూ కూచుంది. అవతల నుంచి ఆరొస్తున్నాయి. ఇద్దరూ మాట్లాడుతున్నారు, ఒక్కరికీ అర్థం కావడం లేదు. బాణం ఎగురుతుంది, దానంతటదే క్లిక్ అవుతుంది, లేదా మొత్తానికి కదలదు. లినక్స్ రోజ్‌నామచాలో దీనికి ఒక పాత వాక్యం ఉంది, ‘టచ్‌ప్యాడ్ ఫలానా బైటు దగ్గర లయ తప్పింది’ అని. అలాంటి వాక్యం కనబడితే హార్డ్‌వేర్ దుకాణానికి పరుగెత్తకండి. మౌసు డ్రైవర్‌ను ఒకసారి దించి మళ్లీ ఎక్కిస్తే, అది పలకను రీసెట్ చేసి మొదటి నుంచి పలకరిస్తుంది. చాలాసార్లు ఆ ఒక్క ఇలాజ్ చాలు.

8042 అనే విడి చిప్పు ఇప్పటి లాప్‌టాప్‌లలో లేదు. ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. బ్యాటరీ చార్జింగు, ఫ్యాను, మూత తెరిచినా మూసినా గమనించడం, అన్నీ దాని పనులే. పనిలో పనిగా అది 8042 వేషం కూడా కడుతుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. మీరు షట్‌డౌన్ చేసినా ఈ కంట్రోలర్ నిద్రపోదు. పవర్ బటన్ నొక్కితే గుర్తుపట్టాల్సింది అదే కాబట్టి దానికి రాత్రంతా కరెంటు అందుతూనే ఉంటుంది. అందులో ఒకసారి గందరగోళం పుడితే పదిసార్లు రీస్టార్ట్ చేసినా పోకపోవచ్చు. చార్జర్ పీకి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం దాకా అదిమిపట్టాలి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. కంట్రోలర్ నిజంగా నిద్రపోయి, నిజంగా లేస్తుంది. నేను మొదట దీన్ని తాయెత్తు కట్టడం లాంటిదే అనుకున్నాను. కాదు, దానికి ఇంత తర్కం ఉంది.

ఆ రాత్రి నా యంత్రం రోజ్‌నామచాలో ఉన్న ఫిర్యాదు ఈ 8042 వేషధారి మీదే. దాని స్థితిని చదవలేకపోయానని లినక్స్ రాసుకుంది. పలకరించింది, జవాబు రాలేదు, వదిలేసి ముందుకెళ్లిపోయింది. మరి నల్ల పట్టికలో బాణం మీట ఎలా పలికింది? ఆ పట్టిక కీబోర్డుతో నేరుగా మాట్లాడదు. యంత్రంతోపాటు వచ్చిన ఫర్మ్‌వేర్‌ను అడిగి తెలుసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టం మొదలయ్యాక ఆ ఫర్మ్‌వేర్ పక్కకు తప్పుకుంటుంది. పగ్గాలు చేతులు మారే ఆ ఒక్క క్షణంలోనే మన ఖామోషీ అంతా పుడుతుంది.

ఇది లినక్స్ కసూర్ అనే వాళ్లకు ఒక మాట. 2015లో ఇంటెల్ స్కైలేక్ యంత్రాలు వచ్చినప్పుడు వాటి మీద విండోస్ 7 వేయబోయిన వాళ్లకు ఇదే గతి పట్టింది. బయోస్‌లో బ్రహ్మాండంగా పనిచేసిన యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ విండోస్ 7 ఇన్‌స్టాలేషన్ తెర రాగానే చచ్చుబడ్డాయి. కొత్త చిప్‌సెట్‌లో పాత యూఎస్‌బీ కంట్రోలర్ తీసేశారు. కొత్తదానికి విండోస్ 7 దగ్గర డ్రైవర్ లేదు. అంతదాకా ఫర్మ్‌వేర్ అడ్డుపడి నడిపించింది, అది తప్పుకోగానే దిక్కులేదు. ‘నెక్స్ట్’ అనే బటన్ నొక్కడానికి మార్గం లేక ఎంతమంది తల పట్టుకున్నారో.

ఇక 2012. నా లెక్కలో రెండు సల్తనత్‌ల మధ్య తకరార్‌లో ఎక్కువ భాగం ఆ ఏడాది నుంచే. అక్టోబర్‌లో విండోస్ 8 వచ్చింది, ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు తెచ్చింది. తొందరగా లేవడం కోసం షట్‌డౌన్ అర్థమే మార్చేశారు. మీ ఫైళ్లూ ప్రోగ్రాములూ మూస్తుంది గానీ, తన కెర్నల్‌ను, డ్రైవర్లను ఉన్నవి ఉన్నట్టు డిస్కు మీద రాసుకుని పడుకుంటుంది. పరికరాలను మళ్లీ తనే వచ్చి అందుకుంటానన్న భరోసాతో వదిలిపెడుతుంది. విచిత్రం ఏమిటంటే రీస్టార్ట్ చేస్తే మాత్రం అన్నీ పూర్తిగా దించేస్తుంది. మనమేమో ఉల్టా అనుకుంటాం, షట్‌డౌన్ పెద్ద విశ్రాంతి, రీస్టార్ట్ చిన్నదని. అందుకే విండోస్ నుంచి లినక్స్‌కు వెళ్లేటప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కన్నా రీస్టార్ట్ చేసి వెళ్లడమే నయం. నేను ఆ రాత్రి చాయ్ కోసం షట్‌డౌన్ చేశాను చూడండి, తప్పు అక్కడ.

ఫాస్ట్ స్టార్టప్‌తో ఇంకా పెద్ద నుఖ్సాన్ ఒకటుంది. విండోస్ సగం నిద్రలో ఉండగా దాని డిస్కు హిస్సాలో లినక్స్ నుంచి ఏదైనా రాస్తే, అది లేచాక తన పాత లెక్కతోనే ముందుకెళ్తుంది, ఫైళ్లు ఖరాబ్ అవుతాయి. అందుకే లినక్స్ చాలాసార్లు ఆ హిస్సాను చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. బలవంతం చేయొద్దు. కీబోర్డు పోతే డబ్బులతో పోతుంది, అక్కడున్నవి దోస్తులు నమ్మి ఇచ్చిన కితాబులు, అమానత్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్లకు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో చెప్పే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. కొన్ని సెకన్లు ఆలస్యంగా లేస్తుంది, లేవనివ్వండి.

అదే 2012లో ఇంకో మార్పు. ఫిలిప్స్ కంపెనీ 1982లో టీవీల లోపలి చిప్పులు మాట్లాడుకోవడానికి చేసిన ఐ2సీ అనే రెండు తీగల దారి ఉంది. టచ్‌ప్యాడ్‌లను ఆ దారిలో కలిపే పద్ధతిని విండోస్ 8తోపాటు మైక్రోసాఫ్ట్ బయటపెట్టింది. మరుసటి ఏడాదికల్లా లినక్స్‌లోనూ దాని డ్రైవర్ వచ్చింది. పీఎస్/2 కన్నా మంచి దారి, మూడు నాలుగు వేళ్ల సైగలు సాఫీగా నడుస్తాయి. కానీ చాలా లాప్‌టాప్‌లలో ఒకే పలకకు రెండు దారులూ పెట్టారు. కొత్త విండోస్ అయితే ఐ2సీ, పాతదైతే పీఎస్/2. ఎవరొచ్చారో తెలియాలంటే ఫర్మ్‌వేర్ ‘నువ్వెవరు’ అని అడుగుతుంది. లినక్స్ దానికి ‘నేను విండోస్‌ను’ అని చెబుతుంది. అబద్ధమే, కానీ మజ్బూరీ అబద్ధం. నిజం చెబితే, తయారీదారు ఎన్నడూ పరీక్షించని దారిలోకి తోసేస్తారు. తీరా ఆ దారిలోకి వెళ్లాక సరైన డ్రైవర్ లేకపోతే పలక రెండు చోట్లా మూగే. తిరుగు ప్రయాణంలోనూ ఇదే తంతు. లినక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే డివైస్ మేనేజర్‌లో ఐ2సీ పరికరం పక్కన పసుపు గుర్తు, కోడ్ 10. అప్పుడు కూడా చార్జర్ పీకి పవర్ బటన్ అదిమే ఇలాజే ముందు.

మెహర్బానీ చేసి ఇంకో రెండు చిన్న సంగతులు గుర్తుంచుకోండి, ఇవి మర్జ్ కాని మర్జ్‌లు. విండోస్‌లో కుడి షిఫ్ట్ మీట ఎనిమిది సెకన్లు అదిమితే ఫిల్టర్ కీస్ ఆన్ అవుతాయి. తర్వాత మీటలు తట్టితే పలకవు, అదిమిపట్టాలి. మా ప్రెస్‌లో ఓ పెద్దాయన మోచేయి ఆనించి కునుకు తీసినప్పుడు ఇదే అయింది. రెండోది నాలాంటి బహుభాషా బాధితులకు. పాస్‌వర్డ్ తెర దగ్గర జుబాన్ ఉర్దూలోనో తెలుగులోనో ఉండిపోతే, చుక్కలు పడతాయి కానీ తలుపు తెరుచుకోదు. చుక్కలు పడితే కీబోర్డు బతికున్నట్టే. తెర మూలన జుబాన్ మార్చండి.

ఇవన్నీ తెలుసుకున్నాక ఓ శుక్రవారం సాయంత్రం చెల్లెలి ఇంటికెళ్లి చున్నీ విప్పించాను. ముందు బయోస్ తెరిచాం. కీబోర్డు అక్కడ బేషుగ్గా పలుకుతోంది. చార్జర్ పీకి అర నిమిషం బటన్ అదిమాను. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీశాను. రీస్టార్ట్ చేసి లినక్స్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ చుక్కలు పడ్డాయి. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాం, నాలుగుసార్లూ పలికింది. టచ్‌ప్యాడ్ మాత్రం మొరాయించింది. ఆ లినక్స్ పాతది, ఆ పలక కొత్త దారిలో ఉంది. బయోస్‌లో టచ్‌ప్యాడ్‌కు ‘అడ్వాన్స్‌డ్’, ‘బేసిక్’ అని రెండు వరసలున్నాయి. అడ్వాన్స్‌డ్ అంటే ఐ2సీ, బేసిక్ అంటే పీఎస్/2. బేసిక్‌కు మార్చగానే బాణం కదిలింది. మూడు వేళ్ల సైగలు పోయాయి. ‘కొత్త లినక్స్ వేసుకుంటే అవీ వస్తాయి బేటా’ అన్నాను.

అమ్మాయి అప్పటికే డిగ్రీ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోంది. బాణాన్ని తెర మీద ఓ చుట్టు తిప్పి, నావైపు చూసి అడిగింది.

‘మామూ, ఆ 2,500 వాళ్లు వాపస్ ఇస్తారా?’